ఫియట్‌లో పదకొండు మంది ఎలా పట్టారు?

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పోయిన నెల ఒక పాత ఫొటో తిరిగింది. ఫియట్ కారు, పైన క్యారియర్ మీద హోల్డాలు, ట్రంకుపెట్టెలు, బండి ముందు వరసగా నిలబడ్డ జనం. ఎవరో ఓపిగ్గా లెక్కపెట్టి కింద రాశారు: "పదకొండు మంది, ఒక్క బండి, తిరుపతి! ఇప్పటి డబ్బాల్లో నలుగురు కూర్చుంటే ఊపిరాడదు." ఇక దాని కింద దండాలు, నవ్వులు, "బండంటే అదీ" అనే మాటలు. మా బావయితే "ఆ రేకు మందం ఇప్పుడేదీ?" అని వాయిస్ మెసేజే పెట్టాడు.

నాకు ఈ సంగతి ఫొటోతో ఆగదు. నా దగ్గర 1973 నాటి ఫియట్ ఒకటి ఉంది. అప్పటికి దాని పేరు ప్రీమియర్ ప్రెసిడెంట్, ఆ తర్వాత పద్మిని అయింది. మాఘమాసం దగ్గరపడిందంటే ఫోన్లు మొదలు. "బండి పంపరా, పెళ్ళికొడుకుతో పాటు మనవాళ్ళు ఓ ఎనిమిది మంది ఎక్కుతారు." డ్రైవరు కాక నలుగురే అంటాను. "అప్పట్లో పదకొండు మంది తిరుపతి పోలేదా?" అని ఎదురు ప్రశ్న. పోయారు, కాదనను. ఎలా పోయారన్నదే నా గొడవ. ఆ పదకొండు మందిని గట్టెక్కించింది బండి గట్టితనం అని మనవాళ్ళు తీర్మానించేశారు. నేను ఆ బండి కింద పడుకుని చూసినవాణ్ణి. నాకలా అనిపించదు. తేలికపాటి మనుషులు, ఖాళీ రోడ్లు, నిదానం, బండి సంగతి తెలిసిన డ్రైవరు: ఇవన్నీ కలిసి మోశాయి ఆ బరువుని. అవన్నీ పోయి ఇప్పుడు బండి ఒక్కటే మిగిలింది. దాని మీద మొత్తం బరువు వేస్తామంటున్నారు.

ముందు ఆ ఫొటోనే సరిగ్గా చూద్దాం. పదకొండు మందిలో పెద్దవాళ్ళు ఐదుగురు, మిగతా ఆరుగురూ పిల్లలు. ఒకడైతే చంకలో ఉన్నాడు. డ్రైవరు ఫొటోలో లేడు. ఫొటో తీస్తున్నాడో, రేడియేటర్‌లో నీళ్ళు పోస్తున్నాడో గానీ ఆయన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అంటే బండిలో ఉన్నది పన్నెండు మంది.

ఆ రోజుల్లో మా ఇళ్ళలో అరవై కిలోలు దాటిన మనిషి అరుదు. పెద్దలు ఆరుగురికి 360 కిలోలు, పిల్లలు ఆరుగురికి 130, సామాను 60 అనుకుందాం. మొత్తం 550. ఇప్పుడు మా బావ పంపమంటున్న ఎనిమిది మందినీ చూడండి. అందరూ పెద్దవాళ్ళే, బీరువాల్లాంటి మనుషులు. నన్నూ కలుపుకుని తొమ్మిది మందికి తలా 75 కిలోలు వేస్తే 675. సామాను లేకుండానే ఆ పన్నెండు మందినీ వాళ్ళ ట్రంకుపెట్టెల్నీ దాటేశాం. తలకాయలు లెక్కపెట్టి బరువు లెక్కపెట్టామనుకోవడం మన అలవాటు.

ఆ బండి సొంత బరువు 900 కిలోలకు కాస్త తక్కువ. ఇంజను 1089 సీసీ, సుమారు 40 హార్స్‌పవర్. ఐదుగురు కూర్చుని డిక్కీలో నాలుగు సంచులు వేసుకోవడానికి చేసిన బండి. అంటే 400 కిలోలు వేసుకోండి. ఇప్పటి చిన్న కారు పత్రాల్లో ఖాళీ బరువుకీ నిండు బరువుకీ మధ్య తేడా చూసినా దాదాపు అంతే ఉంటుంది. "ఇప్పటి డబ్బాలు" అనే మాటకి ఆధారం ఆ పత్రాల్లో అయితే దొరకదు.

మరి అంతమంది ఎలా పట్టారు? దానికి బలంతో పని లేదు. ముందు సీటు ఒకటే బెంచీ. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది. మధ్యలో కూర్చున్నవాడి మోకాళ్ళకి అడ్డం ఏమీ లేదు. సీటు బెల్టులు లేవు కాబట్టి "ఈ సీటు ఒకరిది" అనే గీత కూడా లేదు. ముందు నలుగురు, వెనక ఐదుగురు, ఒళ్ళో పిల్లలు. చోటు ఉంది కనక ఎక్కారు. చోటు ఉన్నంత మాత్రాన మోయగలదని కాదు. ఆ రెంటికీ తేడా కమాన్లకి, అంటే బండి బరువుని మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులకి తెలుస్తుంది, సీట్లకి తెలియదు.

ఇద్దరి బండిలో ఐదుగురు

చిన్న బండిలో ఊరంతటినీ ఎక్కించడం మన దేశం కనిపెట్టిన విద్య అనుకునేవాళ్ళు ఇటలీ సంగతి వినాలి. 1936లో ఫియట్ కంపెనీ 'తోపోలీనో' అని ఒక బుల్లి కారు తెచ్చింది. 569 సీసీ ఇంజను, 13 హార్స్‌పవర్. దాన్ని రూపొందించింది దాంతే జాకోసా. మనకి పద్మినిగా చేరిన 1953 నాటి 1100కి కూడా ఆయనే పెద్ద ఇంజనీరు. తోపోలీనో ఇద్దరు కూర్చునే బండి. వెనక కాస్త ఖాళీ ఉంది, సామాను కోసం. కొన్నవాళ్ళు ఆ ఖాళీని చూసి ఊరుకుంటారా? నలుగురైదుగురు ఎక్కేవాళ్ళు. వెనక ఉన్నవి పొట్టి కమాన్లు, ఒక చివర మాత్రమే చాసిస్‌కి (బండి అడుగున ఉండే చట్రానికి) బిగించి రెండో చివర ఇరుసుని మోసే రకం. అవి ఆ బరువుకి చాలలేదు. చివరికి ఫియట్ వాళ్ళే దిగొచ్చి, చాసిస్‌ని వెనక్కి పొడిగించి, రెండు చివరలా బిగించే పూర్తి కమాన్లు వేశారు.

ఈ సంగతి నా వాదనకి కాస్త ఎదురు తిరుగుతుంది, అయినా చెప్పాలి. వాడేవాళ్ళు మాట వినకపోవడం వల్లే బండి బాగుపడింది. కంపెనీ చెప్పినట్టు ఇద్దరే కూర్చుని ఉంటే ఆ పొట్టి కమాన్లే చివరిదాకా ఉండేవేమో. ఫ్రాన్సులో సిట్రోయెన్ కార్ల కంపెనీ వాళ్ళు ఇదే పాఠం ముందే గ్రహించి, రైతు కోసం బండి చేయాలనుకున్నప్పుడు నలుగురు మనుషుల్నీ 50 కిలోల పొలం సరుకునీ లెక్కలో పెట్టుకునే మొదలుపెట్టారు. 1948లో బయటికొచ్చిన 'టూ సీవీ'లో నాకు బాగా నచ్చేది హెడ్‌లైట్ల ఏర్పాటు. వెనక బరువు పడితే బండి వెనక కుంగుతుంది, ముందు లైట్లు చెట్ల కొమ్మల్ని చూస్తాయి. డ్రైవరు లోపల కూర్చునే ఒక మర తిప్పి లైట్లని కిందికి దించుకోవచ్చు. బరువు వేస్తారని తెలిసి చేసిన బండికీ, వేయరని నమ్మి చేసిన బండికీ ఇక్కడే తేడా తెలుస్తుంది. నా ఫియట్‌లో అలాంటి మర లేదు. వెనక ముగ్గురు లావుపాటి బాబాయిలు కూర్చుంటే రాత్రిపూట ఎదుటి లారీవాడు నన్ను తిట్టుకుంటూ పోతాడు.

ఇంకా వెనక్కి పోతే ఇంగ్లండు బుల్లి కారు బేబీ ఆస్టిన్. 1922లో వచ్చినప్పుడు ఆ బండి బరువు 360 కిలోల ప్రాంతం. నలుగురు కూర్చుంటే 240. అంటే కంపెనీ కూర్చోమన్నంత మంది కూర్చున్నా బండి తన బరువులో మూడింట రెండు వంతులు మోయాలి. నా ఫియట్ తన బరువులో మూడింట రెండు వంతులు మోయాలంటే 600 కిలోలు ఎక్కించాలి. "చూశావా, వందేళ్ళ కిందటి బండే మోసింది" అని మా బావ ఎగిరి గంతేయొచ్చు. నిజమే. కాకపోతే ఆ బండి రోడ్డు మీద ఎంత వేగంతో పోయేదో, 1930 దాకా దాని ముందు చక్రాల బ్రేకు చేతి లివర్‌తోనూ వెనక చక్రాలది కాలితోనూ విడివిడిగా వేయాల్సి వచ్చేదని కూడా చూడాలి. అలాంటి బ్రేకులతో అంత బరువుని నడిపినవాడు ప్రతి మలుపునీ ముందే ఊహించుకుంటూ పోతాడు.

ఎక్కడం కాదు, దిగడం

పాత కారు కథలన్నీ ఘాట్ రోడ్డు ఎక్కడం గురించే. రేడియేటర్ మరగడం, ఆపి నీళ్ళు పోయడం, మగవాళ్ళు దిగి తొయ్యడం, చక్రం వెనక రాయి పెట్టడం, చివరికి గోవిందలు కొడుతూ పైకి చేరడం. దిగిన కథ ఎవరూ చెప్పరు. కానీ లెక్క వేస్తే ఎక్కడంలో పెద్ద ఘనత లేదు. అలిపిరి నుంచి తిరుమల దాదాపు 700 మీటర్ల ఎత్తు. 900 కిలోల బండీ ఆ 550 కిలోల బరువూ కలిపి 1450 కిలోల్ని గంటకి 30 కిలోమీటర్ల వేగంతో పైకి లాగడానికి మామూలు వాలులో పది హార్స్‌పవర్ లోపే సరిపోతుంది, నిటారుగా ఉన్నచోట పదిహేను. ఇంజనులో నలభై ఉన్నాయి. వేడెక్కేది నిజమే, నెమ్మదిగా పోతుంటే రేడియేటర్‌కి గాలి చాలదు. కానీ ఎక్కేటప్పుడు బండి మొరాయిస్తే ఆగుతుంది, అంతే. ఆగిన బండితో మాట్లాడుకోవచ్చు.

దిగేటప్పుడు అదే బరువు, అదే ఎత్తు, ఇప్పుడు వేడి రూపంలో బయటికి రావాలి. 1450 కిలోలు 700 మీటర్లు దిగితే పుట్టే వేడితో 30 లీటర్ల పైచిలుకు నీళ్ళని కుండలో ఉన్నవాటి నుంచి సలసల మరిగేదాకా కాచొచ్చు. గేరులో దిగితే కొంత ఇంజను మింగుతుంది, కొంత టైర్లూ గాలీ. మిగిలిందంతా నాలుగు చక్రాల్లోని బ్రేకు డ్రమ్ములకి. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి, లోపల దాన్ని రాసుకుని ఆపే బ్రేకు షూకి దూరం జరుగుతుంది, షూ మీది లైనింగు పట్టు తగ్గుతుంది. పెడలు మామూలు కన్నా లోపలికి పోతుంది. డిస్కు బ్రేకు గాలికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. మూత పెట్టిన డ్రమ్ముకి ఆ వసతి లేదు. తిరుమలలో దిగే బండ్లు ఫలానా సమయం కన్నా ముందు కిందికి చేరితే జరిమానా వేసే పద్ధతి ఊరికే పెట్టలేదు.

దానికి తోడు బరువు పడేచోటు. డిక్కీలోనూ వెనక సీట్లోనూ ఎక్కిన బరువులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే. ముందు చక్రాలు తేలికవుతాయి. స్టీరింగు హాయిగా తిరుగుతున్నట్టు అనిపిస్తుంది, అది హాయి కాదు, పట్టు తగ్గడం. బండి వెనక కుంగి, టైరు మడ్‌గార్డు లోపలి అంచుని రాసుకుంటుంది. పైగా ఈ బండికి విడి చాసిస్ లేదు, బాడీయే చాసిస్. వెనక కమాన్లు బిగించిన చోట యాభై ఏళ్ళ తుప్పు ఎంత తిన్నదో పైన మెరిసే పెయింటు చెప్పదు. బావ గర్వపడే రేకు మందం బయటిది. నన్ను భయపెట్టేది కింద, చీకట్లో ఉన్న రేకు.

మా ఊరి ట్యాక్సీ స్టాండులో ఒక పెద్దాయన ఉండేవారు. ఫియట్లు, అంబాసిడర్లు తోలి తిరుపతికీ శ్రీశైలానికీ యాత్రలు తిప్పినాయన. పది మందిని ఎలా ఎక్కించేవారని ఒకసారి అడిగాను. బండిని పొగుడుతారనుకున్నాను. బండి ఊసే ఎత్తలేదు. ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో చెప్పారు. లావుపాటి వాళ్ళు ముందు, పిల్లలు వెనక, ఇత్తడి సామాను సీట్ల మధ్య కింద, పరుపులు మాత్రమే పైన. నిటారు ఎక్కుడు దగ్గర కుర్రాళ్ళని దింపి నడిపించడం. రాత్రి ఘాట్ ఎక్కకపోవడం. "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలి బాబూ. కిందికి దిగుతున్నాం కదా అని న్యూట్రల్ చేసి పెట్రోలు మిగిల్చినోళ్ళని చూశాను. అందరూ ఇంటికి రాలేదు" అన్నారు.

ఆ చివరి మాట నన్ను చాలాకాలం వదల్లేదు. వాట్సాప్‌లో తిరిగే ఫొటోలన్నీ ఇంటికి చేరినవాళ్ళవి. చేరనివాళ్ళ ఫొటో కింద "బండంటే అదీ" అని ఎవరూ రాయరు.

మనిషి కన్నా బండి ఎక్కువా?

ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. అప్పట్లో కిక్కిరిసి ఎక్కినవాళ్ళు సరదాకి ఎక్కలేదు. కారు కోసం డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రోజులవి. ఊరికి ఒకటో రెండో కార్లు. పురుటి నొప్పులొచ్చినా, పాము కరిచినా, కాలేజీలో సీటు వచ్చినా అదే బండి. ఆ ఇంట్లో కారుందంటే వీధంతటికీ ఉన్నట్టే. అలాంటప్పుడు "ఐదుగురే" అన్నవాణ్ణి ఊరు క్షమించేది కాదు, క్షమించకూడదు కూడా. ఇప్పటికీ ఏజెన్సీ గ్రామాల దారుల్లో జీపు మెట్ల మీద వేలాడుతూ పోయేవాళ్ళకి బరువు లెక్కలు చెప్పే హక్కు నాకు లేదు. వాళ్ళకి ఇంకో బండి రాదు.

కానీ పెళ్ళికొడుకు ఊరేగింపుకి ఇంకో బండి లేదా? కల్యాణమండపం బయట ఏసీ కార్లు వరస కట్టి నిలబడి ఉంటాయి. అక్కడ నా ఫియట్‌లో ఎనిమిది మంది ఎక్కేది అవసరానికి కాదు, రీలు కోసం. అవసరం కోసం పడ్డ పాట్లని వేడుక కోసం మళ్ళీ ఆడి చూపించడం నాకు ఇబ్బందిగా ఉంటుంది.

రెండేళ్ళ కిందట ఒక పెళ్ళిలో అదే జరిగింది. నలుగురు అని ఒప్పుకుని బండి తెచ్చాను. విడిది దగ్గర పెళ్ళికొడుకు ఎక్కాడు, పక్కన తోడిపెళ్ళికొడుకు, వెనక మేనత్తలు, వాళ్ళ మీద పిల్లలు, ఫొటోగ్రాఫరు తలుపు తీసి గడప మీద నిలబడ్డాడు. నేను కదలనన్నాను. "మనిషి కన్నా బండి ఎక్కువా నీకు?" అని ఒక పెద్దావిడ సూటిగా అడిగింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నా మనసులో రెండూ ఉన్నాయి. గడప మీద నిలబడ్డ కుర్రాడు జారితే అనే భయం ఉంది. ఆ గడప కింద మొన్ననే వెల్డింగు చేయించిన రేకు కూడా ఉంది. ఏది ముందు గుర్తొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. పిల్లల్ని దింపి, ఊళ్ళోనే చిన్నచిన్న చుట్లు తిప్పుతానని ఒప్పించి గట్టెక్కాను. పిల్లలు వంతుల కోసం కొట్టుకున్నారు. పెద్దావిడ మాత్రం చివరిదాకా ఎక్కలేదు, అలిగింది.

బంబాయిలో ఫియట్ ట్యాక్సీలు రాత్రింబవళ్ళు తిరగలేదా, వాటికేమైంది అని కూడా అడుగుతారు. తిరిగాయి. 2023 అక్టోబరు చివర్లో ఇరవై ఏళ్ళ గడువు తీరి ఆఖరి ట్యాక్సీ ఆగేదాకా తిరిగాయి. కానీ అవి డ్రైవరు కాక నలుగురితో, ట్రాఫిక్కులో, అడుగడుగునా మెకానిక్ ఉన్న ఊళ్ళో తిరిగాయి. ఎనిమిది మందితో విజయవాడ హైవే మీద ఎనభైలో పోలేదు. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. నలభైలో పోయే బండిని ఆపడానికి చేసిన అలవాటు ఎనభైలో పనికిరాదు. నలభైలోనే పోదామంటే, వెనక వచ్చే బస్సు ఒప్పుకోదు.

చట్టం సంగతి కూడా ఒక మాట. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకి వేరే రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు చేయకుండా ఉన్న బండికి 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. అలా తీసుకుంటే రోజువారీ తిరగడానికి లేదు, కిరాయికి అసలే లేదు. ప్రదర్శనలకీ ర్యాలీలకీ, సాంకేతిక పరిశోధనకీ, పెట్రోలుకీ మరమ్మతుకీ మాత్రమే రోడ్డెక్కాలి. నా బండికి వయసు వచ్చినా నేనింకా ఆ నంబరు తీసుకోలేదు. తీసుకుంటే ఈ పెళ్ళి ఫోన్లన్నిటికీ ఒకే జవాబు దొరుకుతుంది. అయినా చట్టం చెప్పిందని చెప్పి తప్పించుకోవడం కన్నా కమాన్లు చూపించి చెప్పడమే నాకిష్టం.

"అయితే ఇంకెందుకా బండి, గాజుపెట్టెలో పెట్టుకో" అన్నాడు బావ. ఈ ఎత్తిపొడుపులో కొంత పస ఉంది. జనం ఎక్కని కారు దుకాణం ముందు నిలబెట్టిన బొమ్మ లాంటిదే. అందుకే నలుగురు అన్నాను గానీ ఎవరూ వద్దనలేదు. ముందు సీట్లో ఒక ముసలమ్మని, వెనక ముగ్గుర్ని ఎక్కించుకుని కాలవగట్టు మీద ముప్పైలో పోతుంటే ఆ బండి ఎందుకు చేశారో దానికే పోతున్నట్టు ఉంటుంది. నడుములు పట్టేయవు, పెడలు లోతుకి పోదు, ముసలమ్మ కబుర్లు వినిపిస్తాయి.

మెకానిక్ సలహా వేరే ఉంది. "సార్, కమాన్లలో ఇంకో పట్టీ వేయిస్తే పది మందిని ఎక్కించినా కుంగదు." కుంగదు, అదే ప్రమాదం. కుంగుడు కనిపిస్తే ఎక్కేవాళ్ళే కాస్త తగ్గుతారు. పట్టీ వేస్తే బండి నిటారుగా నిలబడి ఎంతమందినైనా రమ్మంటుంది. బరువు మాత్రం ఎక్కడికీ పోదు, కమాన్లని దాటి ఇరుసుకీ, బేరింగులకీ, తుప్పు పట్టిన రేకుకీ చేరుతుంది. బ్రేకు డ్రమ్ములు ఒక్క అంగుళం కూడా పెరగవు. ఖాళీగా పోయేటప్పుడు ప్రతి గుంటా వెన్నుపూసకి తగులుతుంది. అందుకని కొత్త పట్టీ వద్దని, ఉన్నవే విప్పి, శుభ్రం చేసి, పాత వంపు మళ్ళీ కొట్టించమన్నాను. ఆయనకి నచ్చలేదు. "మీ ఇష్టం సార్, పెళ్ళిళ్ళ సీజను వస్తోంది మరి" అని జాకీ వేశాడు.